పాత స్విచ్‌ల మీద రిప్ వెర్షన్ 2: మూడు చోట్ల మధ్య రూటింగ్ పెట్టడం, చెడితే పట్టుకోవడం

జీడిమెట్లలో ఫ్యాక్టరీ, బాలానగర్‌లో గోడౌను, రాణిగంజ్‌లో సేల్స్ ఆఫీసు. హైదరాబాద్‌లో చిన్న కంపెనీలకు ఇలా మూడు చోట్ల కాపురం మామూలే. మూడింట్లోనూ పదేళ్లు దాటిన సిస్కో కేటలిస్ట్ 3560, 3750 స్విచ్‌లు ఇంకా తిరుగుతుంటాయి. ఒక చోటి నెట్‌వర్క్‌కు ఇంకో చోటికి దారి తెలియాలంటే ఈ స్విచ్‌ల మీద ఒక రూటింగ్ ప్రోటోకాల్ నడవాలి. వాటిలో ఐపీ బేస్ లైసెన్సే ఉంటే, అలాంటి ప్రోటోకాల్స్‌లో మెరుగైనది, పూర్తి ఓఎస్‌పీఎఫ్ కావాలన్నా పై లైసెన్సు కొనమంటుంది. రిప్ (రూటింగ్ ఇన్ఫర్మేషన్ ప్రోటోకాల్) మాత్రం ఐపీ బేస్‌లోనే వస్తుంది. కాబట్టి రిప్‌ను ఎవరూ ముచ్చటపడి పెట్టరు, చేతిలో ఉన్నది అదే కాబట్టి పెడతారు. పెట్టాల్సి వచ్చినప్పుడు సరిగ్గా పెడితే, ఇరవై ముప్పై రూట్లున్న నెట్‌వర్క్‌ను అది ఏళ్ల తరబడి పేచీ లేకుండా మోస్తుంది.

రిప్ పని ఊళ్లో దండోరా వేయడం లాంటిది. ప్రతి స్విచ్ తనకు తెలిసిన రూట్లన్నీ 30 సెకన్లకోసారి పక్క స్విచ్‌లకు చాటుతుంది. విన్నవాడు లెక్కకు ఒక హాప్ (దారిలో ఒక అంగ) కలుపుకుని మళ్లీ చాటుతాడు. 15 హాప్‌ల వరకే లెక్క, 16 అంటే ఆ దారి లేనట్టే. ఈ లెక్కనే మెట్రిక్ అంటారు. ఇంతకు మించి ఇందులో మర్మం లేదు. అందుకే ఏది చెడినా అడగాల్సినవి రెండే: వీడు చాటుతున్నాడా, వాడు వింటున్నాడా. కింద వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ రెండింట్లో ఒకదాని కిందికే వస్తాయి.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. స్విచ్ మీద కొట్టేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగులోనే కొట్టాలి.

ముందు పెట్టె సంగతి

స్విచ్ సెకండ్ హ్యాండ్‌దైతే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కొన్నా ఇంకెక్కడ కొన్నా, డబ్బు చేతిలో పెట్టేముందు కరెంటు ఇచ్చి 'షో వెర్షన్' కొట్టించి చూడండి. లైసెన్సు దగ్గర ఐపీ బేస్ గానీ ఐపీ సర్వీసెస్ గానీ కనిపించాలి. ల్యాన్ బేస్ అని ఉంటే రిప్ రాదు. 2960 మోడల్ మీద కూడా రిప్ నడవదు, మహా అయితే ఒక పదహారు స్టాటిక్ (చేత్తో రాసిపెట్టే) రూట్లు పెట్టుకోవచ్చు.

తెచ్చిన స్విచ్‌ను నేరుగా రాక్‌లో పెట్టి ట్రంకు కేబుల్ గుచ్చితే కొంప మునుగుతుంది. పాత యజమాని వీల్యాన్ల (ఒకే స్విచ్‌ను విడగొట్టి చేసిన వేర్వేరు నెట్‌వర్క్‌ల) డేటాబేస్ అందులో ఉంటుంది. ఆ డేటాబేస్‌ను స్విచ్‌ల మధ్య పంచేది వీటీపీ అనే ప్రోటోకాల్. దాని వీటీపీ డొమైన్ పేరు మీదీ ఒకటై, దాని రివిజన్ నంబరు మీదాని కన్నా పెద్దదైతే, మీ వీల్యాన్లన్నీ చెరిగిపోయి వాడి వీల్యాన్లు వచ్చి కూర్చుంటాయి. వీల్యాన్ పోతే దాని ఇంటర్‌ఫేస్ పడిపోతుంది, ఇంటర్‌ఫేస్ పడిపోతే రూటు పోతుంది. చూసేవాళ్లకు మాత్రం రిప్ చెడిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి బల్ల మీదే ఇవి కొట్టి, రీలోడ్ చెయ్యాలి:

రైట్ ఇరేజ్
డిలీట్ ఫ్లాష్:వీల్యాన్.డాట్
రీలోడ్

లేచాక కాన్ఫిగ్ మోడ్‌లో మొదటి కమాండుగా 'వీటీపీ మోడ్ ట్రాన్స్‌పరెంట్' పెట్టేయండి.

ఆ తర్వాత 'షో ఎస్‌డీఎం ప్రిఫర్'. మెమొరీని ఏ పనికి ఎంత పంచారో అది చెబుతుంది. అక్కడ వీల్యాన్ టెంప్లేట్ ఉంటే హార్డ్‌వేర్‌లో రూటింగ్‌కు చోటే ఉండదు. ప్యాకెట్లన్నీ సీపీయూ మీద పడి స్విచ్ నీరసించిపోతుంది. 'ఎస్‌డీఎం ప్రిఫర్ రూటింగ్' కొట్టి ఇంకోసారి రీలోడ్ చేస్తేనే మారుతుంది. డిఫాల్ట్ టెంప్లేట్ ఉన్నా ఈ సైజు నెట్‌వర్క్‌కు చాలు.

మొదటిసారి కన్సోల్ కేబుల్‌తోనే కూర్చోండి. 9600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ తీసెయ్యాలి. ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ అని ఉండిపోతే తెర మీద అక్షరాలు వస్తాయి గానీ మీరు కొట్టింది పోదు. టెల్నెట్‌లో (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి) ఎందుకు వద్దంటే, అప్పటిదాకా లేయర్ 2 గా (రూటింగ్ లేకుండా) ఉన్న స్విచ్ 'ఐపీ డిఫాల్ట్-గేట్‌వే' పట్టుకుని మీతో మాట్లాడుతుంటుంది. 'ఐపీ రౌటింగ్' అని కొట్టిన మరుక్షణం ఆ గేట్‌వే లెక్కలోకి రాదు. మీరు వేరే సబ్‌నెట్‌లో (వేరే అడ్రసుల గుంపులో) ఉంటే సెషన్ అక్కడే తెగుతుంది. ఇక బాలానగర్‌కు బండి తియ్యాల్సిందే.

అడ్రసుల పథకం

మన ఉదాహరణలో యూజర్ల సబ్‌నెట్లు ఇవి: జీడిమెట్ల 10.40.10.0/24, బాలానగర్ 10.40.20.0/24, రాణిగంజ్ 10.40.30.0/24. చివరి /24 లాంటిది మాస్క్, అడ్రసులో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెబుతుంది. ఇంటర్నెట్ ఫైర్‌వాల్ జీడిమెట్లలో ఉంది. దాని కోసం 10.40.99.0/29 వేరుగా ఇచ్చాం. అందులో ఫైర్‌వాల్ .1, స్విచ్ .2.

లింకులు మూడు. జీడిమెట్ల నుంచి బాలానగర్‌కు ఫైబర్ లీజ్డ్ లైన్ 192.168.255.0/30, జీడిమెట్ల నుంచి రాణిగంజ్‌కు ఇంకో ఫైబర్ 192.168.255.4/30. బాలానగర్, రాణిగంజ్ మధ్య బిల్డింగుల మీద పెట్టిన రేడియో లింకు 192.168.255.8/30. ప్రతి లింకులో చిన్న నంబరు మొదట చెప్పిన చోటికి ఇవ్వండి. మూడు స్విచ్‌ల మీదా 23, 24 పోర్టులే లింకులకు వాడండి. జీడిమెట్లలో 23 బాలానగర్‌కు, 24 రాణిగంజ్‌కు. మిగతా రెండు చోట్లా 23 జీడిమెట్ల ఫైబర్‌కు, 24 రేడియోకు. పోర్టు నంబర్లు ఒకటే అయితే రాత్రి పదకొండింటికి ఫోనులో చెప్పి చేయించేటప్పుడు నాలుక మడత పడదు.

లింకు పోర్టులను వీల్యాన్‌లో పడెయ్యకుండా రూటెడ్ పోర్టులుగా చెయ్యండి. జీడిమెట్ల స్విచ్ మీద:

ఐపీ రౌటింగ్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/23
 నో స్విచ్‌పోర్ట్
 ఐపీ అడ్రస్ 192.168.255.1 255.255.255.252
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/24
 నో స్విచ్‌పోర్ట్
 ఐపీ అడ్రస్ 192.168.255.5 255.255.255.252

రూటెడ్ పోర్టుకు స్పానింగ్ ట్రీతో (స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే ఏర్పాటుతో) పని లేదు, లింకు లేవగానే వాడకంలోకి వస్తుంది. అదే వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌తో చేస్తే మామూలు స్పానింగ్ ట్రీలో లేచిన ప్రతిసారీ 30 సెకన్లు వృథా. పైగా మూడు చోట్లా ఒకే వీల్యాన్ సాగదీస్తే, ఒక చోట లూప్ పడినా మూడూ పడుకుంటాయి.

రిప్ అప్పుడే వద్దు. ముందు లింకు అవతలి అడ్రసుకు పింగ్ వెళ్లాలి. జీడిమెట్ల నుంచి 192.168.255.2 పలకనంత వరకు రిప్ జోలికి పోవద్దు.

అసలు కాన్ఫిగ్

మూడు స్విచ్‌ల మీదా అచ్చం ఇదే:

రౌటర్ రిప్
 వెర్షన్ 2
 నో ఆటో-సమ్మరీ
 ప్యాసివ్-ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్
 నో ప్యాసివ్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/23
 నో ప్యాసివ్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/24
 నెట్‌వర్క్ 10.0.0.0
 నెట్‌వర్క్ 192.168.255.0

చూడ్డానికి ఎనిమిది లైన్లే. ఒక్కోదాని వెనక ఒక్కో గుంట ఉంది.

'వెర్షన్ 2' మానేస్తే స్విచ్ వెర్షన్ 1 పంపుతుంది, వినేటప్పుడు మాత్రం రెండూ వింటుంది. వెర్షన్ 1 అంటే 1988లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1058 నాటిది. సబ్‌నెట్ మాస్క్ పంపడం దానికి రాదు. అవతల వెర్షన్ 2 పెట్టి ఇవతల మరిచిపోతే ఒక విచిత్రం జరుగుతుంది: ఇవతలి స్విచ్‌కు అవతలి రూట్లు చక్కగా కనిపిస్తాయి, అవతలి స్విచ్‌కు ఇవతలివి ఒక్కటీ కనిపించవు. రూట్లు ఒకవైపే ఉన్నాయంటే ముందు ఇదే చూడండి.

'నెట్‌వర్క్' దగ్గర మాస్క్ ఇవ్వడానికి వీల్లేదు. 10.40.10.0 అని కొట్టినా స్విచ్ దాన్ని 10.0.0.0 గా మార్చి రాసుకుంటుంది. అంటే 10తో మొదలయ్యే ఇంటర్‌ఫేస్‌లన్నీ రిప్‌లోకి వచ్చేస్తాయి, మీకు ఇష్టం ఉన్నా లేకున్నా. సీసీటీవీ వీల్యాన్‌ను చాటడం ఇష్టం లేకపోతే దానికి 172.16 లాంటి వేరే అడ్రసు ఇవ్వడం సులువు.

'నో ఆటో-సమ్మరీ' దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది జారేది ఇక్కడే. రిప్‌లో ఆటో సమ్మరీ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. 10తో మొదలయ్యే రూటును 192.168తో మొదలయ్యే లింకు మీద పంపేటప్పుడు అది /24 వివరాలు వదిలేసి '10.0.0.0/8 మొత్తం నా దగ్గరే' అని చాటుతుంది. ఇప్పుడు జీడిమెట్లలో 'షో ఐపీ రూట్ రిప్' కొడితే ఇలా ఉంటుంది:

ఆర్ 10.0.0.0/8 [120/1] వయా 192.168.255.6, 00:00:11, గిగాబిట్ 0/24
        [120/1] వయా 192.168.255.2, 00:00:19, గిగాబిట్ 0/23

రెండు వైపులా ఒకే రూటు, ఒకే మెట్రిక్. రాణిగంజ్‌లోని 10.40.30.5కు వెళ్లాల్సిన ప్యాకెట్ బాలానగర్ వైపు కూడా పోవచ్చు. అక్కడి స్విచ్‌దీ ఇదే అయోమయం, తిరిగి జీడిమెట్లకే తోసెయ్యవచ్చు. ఏ దారిలో పంపాలన్నది స్విచ్ పంపేవాడి, అందుకునేవాడి అడ్రసుల జంటను బట్టి ఎంచుకుంటుంది. కాబట్టి ఒక టేబుల్ మీది పీసీ నుంచి ట్యాలీ తెరుచుకుంటుంది, పక్క టేబుల్ మీది పీసీ నుంచి తెరుచుకోదు. మీ వాళ్లు పీసీ ఫార్మాట్ చెయ్యడం మొదలుపెట్టేది ఇలాంటప్పుడే. 'నో ఆటో-సమ్మరీ' మూడు చోట్లా పెట్టండి, ఒక్కచోట మరిచినా ఈ /8 మిగిలే ఉంటుంది.

పెట్టిన తర్వాత కూడా ఆ పాత /8 వెంటనే పోదు. అవతలివాడు చాటడం మానేశాడంతే, రద్దయిందని చెప్పలేదు. నాలుగు నిమిషాలు ఆగాలి, లేదా 'క్లియర్ ఐపీ రూట్ *' కొట్టాలి. ఆగకుండా 'కమాండ్ పని చెయ్యలేదు' అనుకుని ఇంకేదో మార్చేవాళ్లు చాలామంది.

సరిగ్గా ఉంటే జీడిమెట్లలో కనిపించాల్సింది ఇది:

ఆర్ 10.40.20.0/24 [120/1] వయా 192.168.255.2, 00:00:17, గిగాబిట్ 0/23
ఆర్ 10.40.30.0/24 [120/1] వయా 192.168.255.6, 00:00:08, గిగాబిట్ 0/24
ఆర్ 192.168.255.8/30 [120/1] వయా 192.168.255.6, 00:00:08, గిగాబిట్ 0/24
        [120/1] వయా 192.168.255.2, 00:00:17, గిగాబిట్ 0/23

బ్రాకెట్లో 120 అంటే రిప్ మీద స్విచ్‌కు ఉన్న నమ్మకం, సంఖ్య తక్కువైతే నమ్మకం ఎక్కువ. ఓఎస్‌పీఎఫ్‌కు 110, స్టాటిక్‌కు 1. పక్కన 1 అంటే హాప్‌లు. దాని తర్వాత ఉన్న సమయం చివరిసారి విని ఎంతసేపైందో. ఇది 30 దాటుతోందంటే మధ్యలో ఎక్కడో అప్‌డేట్లు రాలిపోతున్నాయి. రూటు ఉంది కదా అని ఊరుకోకుండా ఈ గడియారం చూడటం అలవాటు చేసుకోండి.

ప్యాసివ్ అంటే చెవులు మూసుకోవడం కాదు

ప్యాసివ్ పెట్టిన ఇంటర్‌ఫేస్ మీద రిప్ చాటదు. కానీ వింటుంది. ఓఎస్‌పీఎఫ్ అలవాటున్నవాళ్లు ఇక్కడ మోసపోతారు, అందులో ప్యాసివ్ అంటే రెండూ బంద్. రిప్‌లో యూజర్ వీల్యాన్‌లో ఎవరైనా ఇంటి వైఫై రౌటర్ తెచ్చి గుచ్చి, దానిలో రిప్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, అది చాటిన రూట్లు మీ టేబుల్లో చేరిపోతాయి. డిఫాల్ట్ రూటే (ఇంకే దారీ దొరకని ప్యాకెట్లు పోయే దారి) చాటితే ఆ ఆఫీసు ఇంటర్నెట్ మొత్తం దాని వైపు తిరిగే ప్రమాదం ఉంది.

యూజర్ వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ల మీద రిప్ వాడే పోర్టు యూడీపీ 520ని యాక్సెస్ లిస్టుతో (ఏ ప్యాకెట్ రావచ్చో, ఏది రాకూడదో చెప్పే జాబితాతో) ఆపేస్తే సరి:

యాక్సెస్-లిస్ట్ 120 డినై యూడీపీ ఎనీ ఎనీ ఈక్యూ 520
యాక్సెస్-లిస్ట్ 120 పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ
ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
 ఐపీ యాక్సెస్-గ్రూప్ 120 ఇన్

రెండో లైను మరిచిపోతే ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. అది ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్ దారి

జీడిమెట్ల స్విచ్ మీద మాత్రమే:

ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 10.40.99.1
రౌటర్ రిప్
 డిఫాల్ట్-ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్

బాలానగర్, రాణిగంజ్‌లో 'ఆర్*' గుర్తుతో 0.0.0.0/0 వస్తుంది. ఇంటర్నెట్ రాకపోతే చాలాసార్లు తప్పు స్విచ్‌లో ఉండదు. ఫైర్‌వాల్‌కు 10.40.20.0, 10.40.30.0 ఎక్కడున్నాయో తెలియదు, జవాబు ప్యాకెట్‌ను బయటికే విసిరేస్తుంది. ఫైర్‌వాల్‌లో 10.40.0.0/16ని 10.40.99.2 వైపు పంపే స్టాటిక్ రూటు ఒకటి వెయ్యాలి. నాట్ (లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చే) రూల్‌లో కూడా ఆ సబ్‌నెట్లు ఉన్నాయో లేదో చూడాలి.

ఇంకొకటి. రిప్‌లో ఈ కమాండు పెట్టిన స్విచ్, తన టేబుల్లో డిఫాల్ట్ రూటు ఉన్నా లేకపోయినా 'నా వైపు రండి' అని చాటుతూనే ఉంటుంది. రేపు రాణిగంజ్‌లో బ్యాకప్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టి అక్కడా ఇదే కమాండు కొడితే, బాలానగర్‌కు రెండు డిఫాల్ట్‌లు సమాన దూరంలో కనిపిస్తాయి. ట్రాఫిక్ చెరిసగం అవుతుంది, చచ్చిన లైను వైపు కూడా పోతుంది.

రేడియో లింకు, రిప్‌కు తెలియని స్పీడు

రిప్‌కు హాప్‌లు తప్ప స్పీడు తెలియదు. బాలానగర్ నుంచి రాణిగంజ్‌కు రేడియో ఒక హాప్, జీడిమెట్ల మీదుగా ఫైబర్ రెండు హాప్‌లు. ఫైబర్ 100 ఎంబీపీఎస్, రేడియో 20 ఎంబీపీఎస్ అయినా సరే, రిప్ రేడియోనే ఎంచుకుంటుంది. రేడియోను బ్యాకప్‌గా ఉంచాలంటే దాన్ని దూరంగా ఉన్నట్టు చూపించాలి. బాలానగర్, రాణిగంజ్ రెండు చోట్లా:

రౌటర్ రిప్
 ఆఫ్‌సెట్-లిస్ట్ 0 ఇన్ 3 గిగాబిట్ 0/24

సున్నా అంటే అన్ని రూట్లకూ అని. ఇప్పుడు రేడియో మీదుగా మెట్రిక్ 1 కి 3 కలిసి 4, ఫైబర్ మీదుగా 2. ఫైబరే గెలుస్తుంది. ఒక్క వైపే పెడితే పోయేది ఫైబర్ మీద, వచ్చేది రేడియో మీద అవుతుంది. పని నడుస్తుంది గానీ మధ్యలో ఫైర్‌వాల్ ఏదైనా ఉంటే సెషన్లు తెగుతాయి.

రేడియో లింకు మీద పింగ్ బ్రహ్మాండంగా వెళ్తూ రిప్ మాత్రం రాకపోతే మల్టీక్యాస్ట్‌ను అనుమానించండి. వెర్షన్ 2 అప్‌డేట్లు 224.0.0.9 అనే మల్టీక్యాస్ట్ (ఒకేసారి చాలామంది వినే) అడ్రసుకు వెళ్తాయి. కొన్ని రేడియోల్లో మల్టీక్యాస్ట్‌ను ఆపే ఆప్షన్ ఉంటుంది. అది తీసెయ్యడం మొదటి మందు. రేడియో పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేకపోతే రెండో మందు: ఆ పోర్టును ప్యాసివ్ చేసి, బాలానగర్‌లో 'నెయిబర్ 192.168.255.10', రాణిగంజ్‌లో 'నెయిబర్ 192.168.255.9' పెట్టండి. అప్పుడు అప్‌డేట్లు యూనిక్యాస్ట్‌గా నేరుగా ఆ అడ్రసుకే పోతాయి. ప్యాసివ్ వాటిని ఆపదు.

లైను తెగితే నాలుగు నిమిషాలు ఎందుకు

పోర్టు లైటే ఆరిపోతే స్విచ్ వెంటనే రూటు తీసేసి, మెట్రిక్ 16తో పక్కవాళ్లకు కబురు పంపుతుంది. కానీ లీజ్డ్ లైన్లలో అలా జరిగేది తక్కువ. మీ స్విచ్‌కు, ఫైబర్‌కు మధ్య ప్రొవైడర్ పెట్టిన మీడియా కన్వర్టర్ ఉంటుంది. మెట్రో పనికో డ్రైనేజీ పనికో రోడ్డు తవ్వుతూ ఫైబర్ కోసినా, కన్వర్టర్ మీ వైపు లైటు వెలిగిస్తూనే ఉంటుంది. స్విచ్‌కు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అప్పుడు రిప్‌కు మిగిలిన ఆధారం గడియారమే. సిస్కో డిఫాల్ట్ ప్రకారం 180 సెకన్లు అప్‌డేట్ రాకపోతే రూటును 'పాసిబ్లీ డౌన్' అంటుంది. అక్కడి నుంచి హోల్డ్‌డౌన్ మొదలవుతుంది. ఆ సమయంలో రేడియో వైపు నుంచి వేరే దారి చాటుతున్నా, అది మొదటి దాని కన్నా దూరం కాబట్టి నమ్మదు. 240వ సెకనుకు రూటు పూర్తిగా చెరిగిపోతుంది, ఆ తర్వాత వచ్చే అప్‌డేట్‌తో కొత్త దారి పడుతుంది. అంటే బ్యాకప్ లింకు కళ్ల ముందే ఉన్నా నాలుగు నిమిషాల పైన నెట్‌వర్క్ లేనట్టే. మూడో నిమిషానికి ఎవరో ఒకరు స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, దాంతో గొడవ ఇంకా పెద్దదవుతుంది.

ఇంత చిన్న నెట్‌వర్క్‌లో టైమర్లు తగ్గించవచ్చు:

రౌటర్ రిప్
 టైమర్స్ బేసిక్ 10 30 30 40

వరసగా అప్‌డేట్, ఇన్‌వాలిడ్, హోల్డ్‌డౌన్, ఫ్లష్. ఇప్పుడు నాలుగు నిమిషాలు ముప్పావు నిమిషానికి దిగుతాయి. ఒక రిప్ ప్యాకెట్లో 25 రూట్ల వరకు పడతాయి. మన రూట్లన్నీ ఒకే ప్యాకెట్లో సర్దుకుంటాయి కాబట్టి పది సెకన్లకోసారి పంపినా పాత సీపీయూకు కూడా బరువు కాదు.

చిక్కల్లా మార్చే వరసలో ఉంది. జీడిమెట్లలో నాలుగు విలువలూ ఒకేసారి మార్చి బాలానగర్‌కు టీ తాగి వెళ్తామంటే కుదరదు. బాలానగర్ ఇంకా 30 సెకన్లకోసారే చాటుతోంది, జీడిమెట్ల 30 సెకన్లకే చచ్చిందనుకుంటోంది. రూట్లు వస్తూ పోతూ ఉంటాయి. కాబట్టి రెండు విడతలుగా చెయ్యండి. మొదటి విడత మూడు చోట్లా 'టైమర్స్ బేసిక్ 10 180 180 240'. చాటడం వేగం పెరిగింది, ఓపిక తగ్గలేదు కాబట్టి ఏదీ తెగదు. మూడూ అయ్యాక రెండో విడత '10 30 30 40'. వెనక్కి పోవాలంటే వరస తిరగెయ్యాలి, ముందు ఓపిక పెంచి తర్వాత వేగం తగ్గించాలి.

పాస్‌వర్డ్, దాని వెంట వచ్చే గడియారం తంటా

లింకుల మీద ఎండీ5 (పాస్‌వర్డ్‌ను తీగ మీద పంపకుండానే సరిచూసే పద్ధతి) పెట్టడం మంచిది:

కీ చెయిన్ రిప్‌కీ
 కీ 1
  కీ-స్ట్రింగ్ మీ రహస్య పదం
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/23
 ఐపీ రిప్ అథెంటికేషన్ మోడ్ ఎండీ5
 ఐపీ రిప్ అథెంటికేషన్ కీ-చెయిన్ రిప్‌కీ

'మోడ్ ఎండీ5' లైను మానేస్తే పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే తీగ మీద పోతుంది. కీ నంబరు రెండు వైపులా ఒకటే ఉండాలి. రహస్య పదాన్ని వాట్సాప్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే చివర ఒక ఖాళీ అక్షరం అంటుకు వస్తుంది. స్విచ్ దాన్ని కూడా పాస్‌వర్డ్‌లో భాగమే అనుకుంటుంది. రెండు కాన్ఫిగ్‌లు పక్కపక్కన పెట్టి చూసినా తేడా కంటికి కనిపించదు. చేత్తో కొట్టండి.

కీలకు తేదీల గడువు పెట్టే సదుపాయం ఉంది, కానీ ఈ స్విచ్‌ల మీద పెట్టకపోవడమే మేలు. వీటిలో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోతే, లేచినప్పుడు తేదీ 1993 మార్చి 1 అంటుంది. ఆ తేదీకి మీ కీ ఇంకా పుట్టలేదు, కాబట్టి రిప్ మాట్లాడదు. సరైన సమయం ఎన్‌టీపీ సర్వర్ నుంచి రావాలి, సర్వర్ దాకా పోవడానికి రూటు కావాలి, రూటు రిప్ ఇవ్వాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. గడువు తప్పనిసరైతే ఎన్‌టీపీ సర్వర్‌కు ఒక స్టాటిక్ రూటు వేసి పెట్టండి.

దూరం నుంచి ఎండీ5 పెట్టేటప్పుడు మీ ల్యాప్‌టాప్ నుంచి నేరుగా బాలానగర్ యూజర్ అడ్రసుకు లాగిన్ కావద్దు. ముందు జీడిమెట్ల స్విచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి 192.168.255.2కు వెళ్లండి. లింకు అడ్రసు కనెక్టెడ్ రూటు, రిప్ తెగినా అది ఉంటుంది. మొదలుపెట్టేముందు బాలానగర్‌లో 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. చేతులు కాలితే పది నిమిషాల్లో స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. పని కుదిరితే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే 'రైట్ మెమొరీ'. క్యాన్సిల్ మరిచిపోతే పదో నిమిషానికి దానంతట అదే రీస్టార్ట్ అయి, సేవ్ చెయ్యకపోతే చేసిందంతా పోతుంది. సేవ్ ముందే చేస్తే ఈ జాగ్రత్తకు అర్థమే లేదు.

వినడం

రూటు రాకపోతే ముందు 'షో ఐపీ ప్రోటోకాల్స్'. తర్వాతి అప్‌డేట్ ఎన్ని సెకన్లలో అన్నది, ఏ ఇంటర్‌ఫేస్ ఏ వెర్షన్ పంపుతోంది, ఏవి ప్యాసివ్, చివర్లో ఎవరి నుంచి ఎంతసేపటి కింద విన్నది, అన్నీ ఒకే తెర మీద ఉంటాయి. చివరి పట్టికలో పక్క స్విచ్ పేరే లేకపోతే దాని మాట మీకు చేరడం లేదు. పేరుండి రూటు లేకపోతే, అది చాటడం లేదు లేదా దాని కన్నా నమ్మకమైన రూటు ఇంకొకటి మీ దగ్గర ఉంది. ఎప్పుడో వేసి మరిచిపోయిన స్టాటిక్ రూటు రిప్‌ను పక్కకు నెట్టడం చాలా మామూలు.

ఇక్కడ తేలకపోతే డీబగ్. కన్సోల్ మీద కాకుండా 'నో లాగింగ్ కన్సోల్' పెట్టి, టెల్నెట్‌లో 'టెర్మినల్ మానిటర్' కొట్టి, 'డీబగ్ ఐపీ రిప్'. ఒక నిమిషం చాలు. మూడు వాక్యాల కోసం చూడండి.

'ఇగ్నోర్డ్ వి1 ప్యాకెట్... ఇల్లీగల్ వెర్షన్': అవతల 'వెర్షన్ 2' లేదు. అవతలిది వెర్షన్ 1 మాత్రమే వచ్చిన పాత పరికరమైతే, ఆ ఒక్క ఇంటర్‌ఫేస్ మీద 'ఐపీ రిప్ సెండ్ వెర్షన్ 1', 'ఐపీ రిప్ రిసీవ్ వెర్షన్ 1' పెట్టి ఊరుకోండి.

'ఇన్‌వాలిడ్ అథెంటికేషన్': కీ నంబరు, రహస్య పదం, ఎండీ5 మోడ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి కలవలేదు. లేదా అవతలి గడియారం 1993లో ఉంది.

'ఇగ్నోర్డ్ వి2 అప్‌డేట్ ఫ్రమ్ బ్యాడ్ సోర్స్': పంపినవాడి అడ్రసు మీ ఇంటర్‌ఫేస్ సబ్‌నెట్‌లో లేదు. అవతల లింకు మాస్క్ తప్పు కొట్టారు, లేదా కేబుల్ వేరే పోర్టులో గుచ్చారు, లేదా రెండు వీల్యాన్లు ఎక్కడో కలిసిపోయాయి. మూడోది అయితే రిప్ మీకు ఉపకారమే చేసింది.

ఏ వాక్యమూ రాకపోతే, అసలు ప్యాకెట్టే రావడం లేదు. లింకు మీద యాక్సెస్ లిస్టు, మల్టీక్యాస్ట్, అవతలి ప్యాసివ్, ఈ వరసలో చూడండి. చూడటం అయ్యాక 'అన్‌డీబగ్ ఆల్'.

అప్పగించే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. స్విచ్ పోర్టు కేబుల్ లాగితే అది పరీక్ష కాదు, లైటు ఆరితే రూటు ఎలాగూ మారుతుంది. మీడియా కన్వర్టర్ అవతలి వైపు, ఫైబర్ ప్యాచ్ కార్డు లాగి చూడండి. రాణిగంజ్ నుంచి పింగ్ ఆపకుండా నడుపుతూ ఎన్ని పోయాయో లెక్కపెట్టండి. తగ్గించిన టైమర్లతో 40 నుంచి 50 సెకన్లలో రేడియో మీదికి రావాలి. తిరిగి గుచ్చినప్పుడు పదీ పదిహేను సెకన్లలో ఫైబర్ మీదికి పోవాలి. నాలుగు నిమిషాలు పట్టిందంటే ఎక్కడో ఒక స్విచ్ మీద టైమర్ మారలేదు.

తర్వాత ఎప్పుడైనా ఓఎస్‌పీఎఫ్ వచ్చే పెట్టెలు కొంటే, రిప్‌ను ముందే పీకెయ్యకండి. రెండూ కలిపి నడపండి. ఓఎస్‌పీఎఫ్ నమ్మకం 110 కాబట్టి రూట్లు ఒక్కొక్కటిగా అదే లాక్కుంటుంది. 'షో ఐపీ రూట్ రిప్' మూడు స్విచ్‌ల మీదా ఖాళీగా వచ్చిన రోజున 'నో రౌటర్ రిప్' కొట్టొచ్చు. ఒక్క లైను మిగిలినా అది ఎవరిదో కనుక్కుని, ఆ తర్వాతే తీయండి. సాధారణంగా ఆ మిగిలేది డిఫాల్ట్ రూటే, ఓఎస్‌పీఎఫ్‌లో దానికి వేరే ఒరిజినేట్ కమాండు పెట్టాలని మరిచిపోయి ఉంటారు.